పరాచికాల వరస

లువాంగ్వా నది ఒడ్డు,
జూన్ 19

ప్రియమైన అమ్మమ్మకి,

ఈ ఉదయం తలుపు తీస్తే గుమ్మం ముందు నీటిగుర్రం అడుగు పడి ఉంది. నాలుగు వేళ్ళ గుంట. అందులో ఊరిన నీళ్ళలో ఒక చిన్న కప్ప కూర్చుని నన్నే చూస్తోంది. రాత్రి అంత జంతువు నా గోడ పక్కన గడ్డి మేసి వెళ్ళినా నాకు మెలకువ రాలేదు. నేనిక్కడ సుఖంగా ఉన్నానని చెప్పడానికి ఇంతకంటే రుజువు లేదు.

గోడ అంటే గడ్డి గోడే. శిబిరమంతా గడ్డీ వాసాలే. వానలు వెనక్కి తగ్గాక మే నెలలో కడతారు, మళ్ళీ వానలు రాకముందే నవంబరులో విప్పేస్తారు. ఆ తరవాత నది వచ్చి ఈ చోటంతా తుడిచిపెట్టి పోతుంది. ఫోను అందదు. సరుకుల లారీ ఎంఫువే ఊళ్ళోకి వెళ్ళినప్పుడు ఉత్తరాలు తీసుకెళ్ళి చిపాటా బస్సులో వేస్తుంది.

వంటకి సరుకులు తూచి ఇవ్వడం, వచ్చినవాళ్ళకి గుడిసెలు చూపించడం నా పని. అవి చేయగలను. చేయలేనిది ఒకటుంది. అతిథులు దిగగానే టీ ఇచ్చి, వాళ్ళ ముందు నిలబడి జాగ్రత్తలు చెప్పాలి. చీకటి పడ్డాక కావలి మనిషి లేకుండా గుడిసె దాటకూడదు. గుడిసెలో పండ్లు దాచకూడదు, ఏనుగుకి నారింజ వాసన గోడ అవతలి నుంచే తెలుస్తుంది. నీలం, నలుపు బట్టలు వద్దు, త్సెత్సె ఈగలు ఆ రంగుల మీదే వాలతాయి. నడకకి వెళ్తే తుపాకీ మనిషి వెనక ఒకే వరసలో, మాట్లాడకుండా నడవాలి. ఏది ఎదురైనా పరిగెత్తకూడదు. ఇదంతా నాకు నోటికి వచ్చు. నోరే రాదు.

మొదటిసారి అందరూ నా ముఖంలోకి చూశారు. నేను వాళ్ళ బూట్లు చూశాను. రెండోసారి అంతా కాగితాల మీద అందంగా రాసి టీ కప్పులతో పాటు పంచాను. ఒకాయన తన కాగితాన్ని మడిచి కప్పు కింద పెట్టుకున్నాడు. ఆయన భార్య ఆ సాయంత్రం ఒక నారింజపండు దిండు పక్కన పెట్టుకుంది. ఏనుగు వచ్చి గోడలో కొంత తీసేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. గోడ మళ్ళీ అల్లారు.

మా మేనేజరు నమాకావు గారు లోజీ తెగ ఆడపడుచు, గొంతు పెంచని మనిషి. "ఏనుగులు కాగితాలు చదవవమ్మా" అంది. శిబిరం విప్పేలోగా నా అంతట నేను నిలబడి జాగ్రత్తలన్నీ చెప్పగలిగితే వచ్చే ఏడు కూడా ఇక్కడే. లేకపోతే లుసాకా ఆఫీసులో కుర్చీ పని. అక్కడ జీతం ఎక్కువే. నాకు మాత్రం ఇక్కడే ఉండాలని ఉంది.

ఇంకొక సంగతి. అతిథుల్ని నడకకి తీసుకెళ్ళే గైడు పేరు ములెంగా. బెంబా తెగ పేరు, బెంబా మాట. నన్ను చూస్తే చాలు మొదలుపెడతాడు. నిన్న నలుగురిలో, "ఏం ఎంగోనీ పిల్లా, పిండి బస్తాల గదిలో ఎలకలు తగ్గాయే, రాత్రి కూర బాగా కుదిరిందా?" అన్నాడు. అందరూ నావైపు చూశారు. నేను తక్కెడ వైపు చూశాను. ఏం చేయమంటావు?

కప్పతో పాటు నిన్ను తలచుకుంటూ,
నీ తియొంగె


చిపాటా, కపాటా బజారు,
జూలై 8

నా సవతి తియొంగెకి,

మీ తాత పోయి ఇన్నేళ్ళయినా, మనవరాలివి కాబట్టి వరసకి ఆయన రెండో పెళ్ళానివి నువ్వే. ఇంటి పరువులో సగం నీ చేతిలో ఉంది. అందుకే ఈ ఉత్తరం కోపంగా రాస్తున్నా.

నీ ఉత్తరం కండక్టరు నా వేరుశనగల బస్తా మీద పడేసి పోయాడు. కప్ప సంగతి బాగుంది, ఏనుగు సంగతి ఇంకా బాగుంది. కానీ బెంబావాడు నలుగురిలో నిన్ను ఎలకల మాట అంటే నువ్వు తక్కెడ చూశావా? మా అమ్మ వింటే సమాధిలోంచి లేచి వచ్చేది, నా బదులు తనే ఒకటి అనడానికి.

వరస అంటే ఏమిటనుకున్నావే? మన ముత్తాతలూ బెంబాల ముత్తాతలూ పొడుచుకుని పొడుచుకుని అలిసిపోయారు. ఇక చాలనుకుని ఈటెలు పడేసి నోళ్ళు తీసుకున్నారు. అప్పట్నించి మన ఎంగోనీలకీ వాళ్ళకీ పరాచికాల వరస. వాడు అనాలి, నువ్వు అనాలి. వాడంటే నువ్వు నోరెత్తకపోతే నీకూ నాకూ చుట్టరికం లేదు పొమ్మన్నట్టు. సిస్టర్లు నీకు కాన్వెంటులో చెంచా పట్టుకోవడం నేర్పారు గానీ ఇది నేర్పలేదు.

వరస లేనివాడు అంటే మాత్రం ఊరుకోం, అది వేరు. మా అక్కని ఒకడు, మంచివాడే పాపం, వరసుందనుకుని నలుగురిలో కుండమూతిదానా అన్నాడు. తీరా చూస్తే వాడిది మనకి ఏ వరసా లేని తెగ. మా అన్నలు వాడి చేత కోడిని తెప్పించుకుని గానీ వదల్లేదు. ఆ కోడి పట్టుకొచ్చినవాడు ఇంకో నెలకి ఇంకో కోడి పట్టుకొచ్చాడు, ఆ తరవాత మా బావ అయ్యాడు.

నాకిందులో స్వార్థం ఉందనుకో. మన గోడ పక్క బెంబా చోలా మార్చిలో పోయాడు కదా. నలభై ఏళ్ళు నన్ను తిట్టాడు. నేను పోతే నా శవపెట్టె మీద కూర్చుని, "ఈ ఎలకలు తినే ముసలిదాన్ని ఊరికే మొయ్యను, నా కూలి పడేస్తే గానీ లేవను" అని అందర్నీ నవ్విస్తానని మాటిచ్చాడు. మాట తప్పి ముందు తనే పోయాడు. నేనే వెళ్ళి వాడి పెట్టె మీద కూర్చోవాల్సి వచ్చింది, ఈ మోకాళ్ళతో. ఇప్పుడు నా చావుకి వరసైన బెంబా ఒక్కడూ లేడు. అందరూ చుట్టూ కూర్చుని ఏడుస్తుంటే నాకు ఊపిరాడదు. కాబట్టి ఈ ములెంగా ఎట్లా తిడతాడో పూర్తిగా రాయి. మార్కులు నేను వేస్తా. ఎలకల మాట పాతది, పదికి నాలుగు.

వాడు మళ్ళీ ఎలకలంటే ఇట్లా అను: "ఎలకని పట్టాలంటే తెలివి కావాలి. మీ తాత కోతిని పట్టడానికి చెట్టెక్కితే, కోతి ఇంటివాళ్ళు పెళ్ళికొడుకు వచ్చాడనుకుని చాప వేశారట." నిదానంగా అను. చివరి మాట దాకా నవ్వకు.

నీ కోసం కాదు, పరువు కోసం ఎదురుచూసే
నీ పెద్ద సవతి, న్యాతెంబో


లువాంగ్వా నది ఒడ్డు,
ఆగస్టు 14

ప్రియమైన అమ్మమ్మకి,

నువ్వు నేర్పిన మాట చాలా రోజులు నోట్లో పెట్టుకుని తిరిగాను. చివరికి ఒక పొద్దున, ములెంగా వంటపాక దగ్గర నిలబడి, "మన ఎంగోనీ పిల్ల ప్రార్థన చేస్తోంది, దేవుడు ఎలకల్ని ఎక్కువ ఇమ్మని" అన్నప్పుడు, అనేశాను. గొంతు చిన్నదైంది గానీ చాప దాకా వెళ్ళాను. వంటాయన గరిటె కింద పెట్టేశాడు. ములెంగా టోపీ తీసి, దాన్ని ఒకసారి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఈ పిల్లకి నోరుంది. ఇన్నాళ్ళూ ఎవరో దాచిపెట్టారు" అన్నాడు.

అప్పటి నుంచి రోజూ అతనొకటి, నేనొకటి. ఒక విషయం తెలిసింది అమ్మమ్మా. తిట్టాలంటే ముఖం చూడాలి. బూట్లని తిడితే అందదు.

ఆ వారం వచ్చినవాళ్ళకి జాగ్రత్తలు సగం దాకా చెప్పాను. ఈగల దగ్గర ఆగిపోయాను. మిగతాది ములెంగా అందుకున్నాడు. సగం చెప్పినవాళ్ళకి సగం శిబిరం ఇవ్వడం కుదరదని నమాకావు గారు నవ్వుతూనే అంది.

నువ్వు అడిగావు కాబట్టి అతని సంగతులు. పొడుగు మనిషి. నేల మీద ఈక కనబడితే వంగి తీసి, పక్షి పేరు చెప్పి, తీసిన చోటే పెట్టేస్తాడు. సరుకుల లారీ వస్తే మొదట తన పుల్లపాల డబ్బా వచ్చిందా అని చూస్తాడు. మొక్కజొన్న ముద్దలో అది పోసుకోనిదే తిన్నట్టుండదట. ఈగ వల్ల ఈ లోయలో ఆవులు బతకవు కదా, ఇక్కడ అదొక్కటే లోటు అంటాడు. ఆ డబ్బా కనబడినప్పుడల్లా నమాకావు గారు, "ఆవులు కాసేవాణ్ణి తెచ్చి గైడుని చేశాను, ఏ రోజు అడవిదున్న కింద చెంబు పెడతాడో" అంటుంది. అతను, "చేప ముళ్ళు తిని పెరిగినవాళ్ళకి పాల సంగతి ఏం తెలుస్తుంది" అంటాడు. వాళ్ళిద్దరూ మొదలుపెడితే టీ చల్లారిపోతుంది.

అసలు సంగతి ఇది. శిబిరం విప్పే ముందు, అక్టోబరు చివర, పనివాళ్ళ ఇళ్ళ నుంచి ఒక్కొక్కరిని రెండు రోజులు అతిథులుగా పిలుస్తారు. నువ్వు రా. పుట్టినప్పటి నుంచి చిపాటాలో ఉన్నావు, ఏనుగుని క్యాలెండరు మీద తప్ప చూడలేదు. ఆ రోజు వచ్చినవాళ్ళకి జాగ్రత్తలు మొదటి నుంచి చివర దాకా నేనే చెప్పాలి. నాకు అదే ఆఖరి అవకాశం.

పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ముందే ఎంఫువేలో దిగుతావు. తారు రోడ్డే, నడుము నొప్పి రాదు. అక్కడి నుంచి మన లారీ. పచ్చ గుర్తింపు కార్డు మరిచిపోకు, అది చూపిస్తే అడవి గేటు దగ్గర మన దేశంవాళ్ళకి రుసుము తక్కువ. మట్టిరంగు బట్టలు తెచ్చుకో, తెలుపు వద్దు, నీలం అసలు వద్దు. పండ్లు తేకు.

నిన్ను అతిథిగా చూడాలని ఉన్న
నీ తియొంగె


కపాటా బజారు,
సెప్టెంబరు 5

సవతీ,

వస్తున్నా. నా కొట్టు పక్క కొట్టావిడకి అప్పగిస్తున్నా, అది సగం అమ్మి సగం తింటుంది, పోనీ.

ప్రార్థన మాటకి పదికి ఆరు. నువ్వు చాప దాకా వెళ్ళినందుకు ఏడు.

ఒకటి మాత్రం నాకు మింగుడు పడలేదు. లోజీలకి వరస టోంగాలతో. ఆవుల మాటలు అనాల్సింది టోంగాలని. ఆవులకి పేర్లు పెట్టుకుని పెళ్ళాల పేర్లు మరిచిపోయేది వాళ్ళే కదా. మీ మేనేజరమ్మ బెంబావాణ్ణి పట్టుకుని ఆవుల కాపరి అనడమేమిటి? బెంబాల దొడ్లో ఆవు ఎప్పుడుంది? పెద్ద చదువు చదివింది గానీ ఆవిడకి వరసలు సరిగ్గా తెలిసినట్టు లేదు. నువ్వు చెప్పకు, బాధపడుతుంది. ఇక పుల్లపాలు తాగే బెంబాని నేనింతవరకు చూడలేదు. మనవాళ్ళ దగ్గర నేర్చుకుని ఉంటాడు. వాడిలో ఉన్న నాగరికత అదొక్కటే అయి ఉంటుంది.

నా అనుమానాలు. నీలం వద్దంటావు, నా చర్చి సంఘం బట్ట నీలం. దేవుడి ముందుకి కట్టుకుపోయే బట్ట ఈగ ముందుకి పనికిరాదా? సింహం కనబడితే పరిగెత్తకూడదంటావు, నా మోకాళ్ళు దానికి ఎప్పుడో ఒప్పుకున్నాయి. మరి రాత్రిపూట లేవాల్సి వస్తే? నా వయసుకి తప్పదు. ప్రతిసారీ కావలి మనిషిని వెంటబెట్టుకుపోనా? జ్వరం మాత్రలు మింగాలా?

పండ్లు తేను. ఎండబెట్టిన ఎలకలు తెస్తున్నా, పుల్లలకి గుచ్చి, ఉప్పేసి. నీకు కాదు. వాడికి.

న్యాతెంబో


లువాంగ్వా నది ఒడ్డు,
సెప్టెంబరు 27

ప్రియమైన అమ్మమ్మకి,

రాత్రి లేవడానికి బయటికి పోనక్కరలేదు. గుడిసె వెనక భాగంలోనే గడ్డి గోడల మధ్య అన్నీ ఉంటాయి. పైకప్పు ఉండదు, నక్షత్రాలు కనబడతాయి. మంచం పక్కన ఈల ఉంటుంది. ప్రాణం మీదికి వస్తేనే ఊదాలి, తోచక ఊదకూడదు. మాత్రల సంగతి ఆసుపత్రిలో అడుగు. ఇక్కడ దోమతెర ఉంది, దాన్ని పరుపు కిందికి దోపి పడుకోవాలి. అక్టోబరు ఎండ చాలా ఎక్కువ. నడుముకి చుట్టుకునే బట్ట ఇంకొకటి తెచ్చుకుంటే మధ్యాహ్నం తడిపి కప్పుకోవచ్చు. నది బాగా సన్నబడింది, జంతువులన్నీ నీళ్ళ దగ్గరికే వస్తున్నాయి. గట్టు నిండా ఎర్ర పక్షులు బొరియలు తవ్వుకున్నాయి. పొద్దున అవన్నీ ఒకేసారి లేస్తే గట్టే లేచినట్టుంటుంది.

నీలం బట్ట వద్దు. దేవుడు కుట్టడు, ఈగ కుడుతుంది.

నాకు భయంగా ఉంది. వేరేవాళ్ళ ముందు మాట పడిపోతే వాళ్ళు మర్నాడు వెళ్ళిపోతారు. నీ ముందు పడిపోతే అది నాతోనే ఉండిపోతుంది.

ములెంగాతో కొంచెం చూసుకుని మాట్లాడు. ఎందుకని అడగకు.

నీ కోసం లారీలో ఎంఫువే దాకా వచ్చే
నీ తియొంగె


కపాటా బజారు,
అక్టోబరు 31

నా సవతి తియొంగెకి,

చేరాను. వేరుశనగలు సగమే ఉన్నాయి, అనుకున్నదే. ఈగ కుట్టిన చోట్లు ఇంకా దురద పెడుతున్నాయి. నీలం గురించి నువ్వు చెప్పింది నిజమే, ఇంకెప్పుడూ అడగను.

ఆ మధ్యాహ్నం సంగతి నీకు తెలిసిందే అయినా, నేను కూర్చున్న చోటు నించి ఎట్లా ఉందో నీకు తెలీదు కదా. పన్నెండు మందిమి టీ కప్పులు పట్టుకుని కూర్చున్నాం. నువ్వొచ్చి నిలబడ్డావు. ముందు నా చెప్పులు చూశావు. ఆ తరవాత వంటాయన తల్లి చెప్పులు చూశావు. మీ మేనేజరమ్మ నీ వైపు చూడకుండా నదిని చూస్తోంది, అది చూసి నాకు భయమేసింది. ఇంతలో వెనక నించి వాడి గొంతు. "అమ్మలారా, ఎంగోనీ పిల్ల గొంతులో ఎలక అడ్డం పడినట్టుంది, ఎవరైనా వీపు మీద ఒకటి వెయ్యండి."

నువ్వు తలెత్తావు. వాడి ముఖంలోకి చూశావు. "ములెంగా గారూ, కూర్చోండి, మొదటి జాగ్రత్త మీ గురించే" అన్నావు. మా వైపు తిరిగి, "ఈ శిబిరంలో కోతులు పగటిపూట కూడా తిరుగుతాయి. వాటిలో ఒకటి టోపీ పెట్టుకుంటుంది. దయచేసి దానికి ఏమీ తినిపించకండి" అన్నావు. వంటాయన తల్లి టీ ఒలకబోసుకుంది. ఆ తరవాత నువ్వు ఆగలేదు. చీకటి, పండ్లు, ఈగలు, తుపాకీ మనిషి, ఈల, ఒక్కటి వదల్లేదు. నీలం బట్టల గురించి చెప్పేటప్పుడు నన్నే చూశావు, అది అనవసరం. నేను పదికి పది వేశా. చోలాకి కూడా ఎప్పుడూ తొమ్మిది దాటలేదు.

సాయంత్రం ఆ ఏనుగులు నది దాటినప్పుడు ఏం చూస్తున్నావని నువ్వు అడిగావు. చిన్నదాన్ని పెద్దది తొక్కకుండా నడుస్తోంది, అది చూస్తున్నా. చూడకుండా పోయేదాన్నే కదా అనుకున్నా.

ఇక ములెంగా. ఎలకలు ఇచ్చాను. బెంబావాడైతే వాంతి వచ్చినట్టు నటించాలి, చెట్టు వెనక్కి పరిగెత్తాలి, చోలా ఎంత బాగా చేసేవాడు. వీడు థాంక్స్ చెప్పి, పద్ధతిగా రెండు పుల్లలు తిన్నాడు. అది లోపం, నేర్పాలి. తక్కినదంతా బాగుంది. అందుకని పొద్దున లారీ ఎక్కే ముందు అడిగేశాను, నా పెట్టె మీద కూర్చుంటావా అని. వాడు టోపీ తీశాడు. "అమ్మమ్మా, కూర్చునే అర్హత నాకుందో లేదో ముందు మీ మనవరాలిని అడగండి" అన్నాడు. పరాచికం కాదు, మామూలు గొంతుతో.

ఏమిటే అది? దారంతా ఆలోచించాను. రాయి.

నీకు పది మార్కులు వేసిన
న్యాతెంబో


లువాంగ్వా నది ఒడ్డు,
నవంబరు 9

ప్రియమైన అమ్మమ్మకి,

ఈ ఉదయం లేచేసరికి నా గుడిసెకి నది వైపు గోడ లేదు. పనివాళ్ళు నన్ను లేపకుండా విప్పేశారు. మంచం మీది నుంచే నది కనబడింది. అవతలి ఒడ్డున ఒక కొంగ నిలబడి ఉంది. అది వెళ్ళిపోయేదాకా చూసి లేచాను.

నిన్న మొదటి చినుకులు పడ్డాయి. వంటపాక ఈ రోజు, భోజనాల పందిరి రేపు. ఎల్లుండి లారీ అందర్నీ దింపేస్తుంది. నమాకావు గారు, మేలో గోడలు కట్టేటప్పుడు నా గుడిసె కిటికీ ఎటువైపు కావాలో ఇప్పుడే చెప్పమంది. నది వైపు అన్నాను. ఆ తరవాత పిండి బస్తాల గదిలోకి వెళ్ళి కాసేపు కూర్చున్నాను.

వానాకాలమంతా నేను నీ దగ్గరే, వేరుశనగలు ఒలుస్తాను. నాలుగు రోజులు ఎంఫువేలో సామాను లెక్క చూసి వస్తాను. ములెంగా నాకంటే ముందే బయలుదేరుతున్నాడు. వాళ్ళ ఊరికి దారి చిపాటా మీదుగానే. దిగి నిన్ను చూసి వెళ్తానన్నాడు. ఒక కోడిని తెస్తాడు. వద్దనకు. ఎందుకు తెచ్చావని అతన్ని అడగకు, నిలబెట్టి మాట్లాడకు, కూర్చోబెట్టు. దొరికితే పుల్లపాలు పెట్టు.

పెట్టె మీద కూర్చోవడానికి బెంబానే కావాలా, ఇంటికి ఇంకో వరసలో వచ్చినవాడు సరిపోడా అని నిన్ను అడగమన్నాడు. నాకు తెలియదన్నాను. నువ్వే చెప్పాలి.

నమాకావు గారికి వరసలు బాగానే తెలుసు. ములెంగా అన్నది బెంబాల ఊరు కసామాలో వాళ్ళ నాన్నకి స్నేహితుడైన ఒకాయన పేరు, అదే ఇతనికి పెట్టారు. ఇతను పెరిగింది అక్కడే, అందుకే ఆ భాష వచ్చు.

జూన్‌లో నేను లారీ దిగిన రోజు అందరూ నా పేరు అడిగారు. నేను వాళ్ళ బూట్లు చూశాను. అతను నా పెట్టె దించుతూ, పేరు వద్దులే, ఎవరి మనిషివో చెప్పు అన్నాడు. ఎంగోనీ అన్నాను. ఆ రోజంతా నేను మాట్లాడిన మాట అదొక్కటే. అతను పెట్టె కింద పెట్టాడు. "అయితే ఇవాళ్టి నుంచి నేను బెంబాని" అన్నాడు.

అతను టోంగా, అమ్మమ్మా.

నీ తియొంగె